టీవీలో బొమ్మ పోతే టీవీ పోయినట్లు కాదు
పలుచని తెర టెలివిజన్లలో చిత్ర లోపాలు – ప్రత్యేక వ్యాసం

మరిపెడ (మహబూబాబాద్ జిల్లా): "టీవీలో బొమ్మ పోయింది" అనే ఫిర్యాదు ఒకటే అయినా దానికి కారణాలు అనేకం. మిద్దె మీద గొడుగు పక్కకు తిరిగినా జనం ఇదే మాట అంటారు. సెట్టు వెనుక తీగ వదులైనా, తెర వెనుక దీపాలు ఆరిపోయినా, తెర తానే చిట్లినా ఇదే మాట. వీటిలో మొదటి రెండింటికి దాదాపు ఖర్చు లేదు. మూడవది ఓ మోస్తరు ఖర్చుతో బాగవుతుంది. నాలుగవ దానికి మరమ్మతు కంటే కొత్త సెట్టు కొనడమే మేలు. ఈ నాలుగింటి మధ్య తేడా తెలియకపోవడం వల్ల, వాయిదాలు కట్టి కొన్న సెట్టును తుక్కు కింద అమ్ముకున్న కుటుంబాలు ఉన్నాయి. చిన్న తీగ మారిస్తే పని చేసే తెరలు నెలల తరబడి గోడకు ఊరకే వేలాడే కార్యాలయాలూ ఉన్నాయి. లోపం ఎక్కడ ఉన్నదో ప్రాథమికంగా ఎట్లు గుర్తించవచ్చునో పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది.

వరంగల్–ఖమ్మం రహదారిపై ఉన్న మరిపెడ పూర్వపు వరంగల్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మహబూబాబాద్ జిల్లాలో చేరి, 2018లో పురపాలక సంఘంగా ఏర్పడింది. పట్టణం చుట్టూ తండాలు, పల్లెలు విస్తరించి ఉన్నాయి. ఇటువంటి ప్రాంతంలో టెలివిజన్‌ను వినోద సాధనంగా మాత్రమే లెక్కించడం సరికాదు. కోవిడ్ కారణంగా బడులు మూతపడిన 2020లో, సెప్టెంబరు 1 నుండి 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమైన విషయం విదితమే. ఆ రోజుల్లో టీవీ లేని ఇంటి పిల్లలు పొరుగింటికి వెళ్లి పాఠం విన్నారు. ఆ ఒక్క టీవీలో బొమ్మ ఆగిపోతే ఆ పూట పాఠం పోయేది ఒక పిల్లవానికి కాదు, ఆ వాడలోని పిల్లలందరికీ. వర్ష హెచ్చరికలు, వరద సమాచారం విషయంలోనూ పరిస్థితి ఇదే.

పాత చుక్కలు – కొత్త గళ్లు

పెద్ద గాజు గొట్టంతో పని చేసిన పాత టీవీల కాలంలో సంకేతం బలహీనపడితే తెర నిండా తెల్లని చుక్కలు కురిసేవి. ఒకరు మిద్దె ఎక్కి యాంటెన్నా తిప్పడం, మరొకరు కింద నుండి "వచ్చింది, వచ్చింది... పోయింది" అని కేకలు వేయడం ఆనాటి ఇంటింటి దృశ్యం. బొమ్మ మసక మసకగానైనా కనిపించేది. చుక్కలు కనిపిస్తే లోపం యాంటెన్నాలో ఉన్నదని చిన్న పిల్లలు కూడా చెప్పేవారు.

నేటి పరిస్థితి వేరు. కేబుల్ ప్రసారాల డిజిటలీకరణ నాలుగవ దశ గడువు 2017 మార్చి 31తో ముగిసింది. దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మీటర్లు కూడా దశలవారీగా మూతపడ్డాయి. డిజిటల్ సంకేతం అంకెల రూపంలో వస్తుంది. కొన్ని అంకెలు తప్పిపోయినా మిగిలిన వాటి సాయంతో సెట్ టాప్ బాక్సు బొమ్మను పూర్తి చేయగలదు. తప్పిపోయినవి ఒక హద్దు దాటితే ఇక దాని వల్ల కాదు. అప్పుడు బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోవడమో, మాట్లాడుతున్న మనిషి నోరు తెరిచినట్లే నిలిచిపోవడమో, తెర పూర్తిగా నల్లబడడమో జరుగుతుంది. అంటే బాగున్నంత సేపు అద్దంలా బాగుండి, ఒక్కసారిగా పోతుంది. ఈ ఆకస్మికత కారణంగానే సంకేత లోపాన్ని జనం టీవీ లోపంగా పొరబడుతున్నారు.

పాత అలవాట్లలో మరొకటి, సెట్టు మీద అరచేతితో కొట్టడం. ఆ రోజుల్లో లోపల వదులైన టంకం అతుకు ఆ దెబ్బకు ఒక్కోసారి కలిసేది, బొమ్మ వచ్చేది. నేటి తెర రెండు పలుచని గాజు పలకల నిర్మాణం. ఆ దెబ్బకు రెండు వందల రూపాయల లోపం కాస్తా కొత్త టీవీ ఖర్చుగా మారుతుంది.

తెర మీది అక్షరాలు చెప్పే సాక్ష్యం

లోపం సెట్టులో ఉన్నదా, బయట ఉన్నదా తేల్చడానికి ఉపకరణాలేవీ అవసరం లేదు. టీవీకి చెందిన రిమోటు (సెట్ టాప్ బాక్సు రిమోటు కాదు) తీసుకుని మెనూ మీట నొక్కవలసి ఉంటుంది. తెర మీదికి వచ్చే మెనూ అక్షరాలు, బొమ్మలు ఉపగ్రహం నుండి గాని, కేబుల్ నుండి గాని వచ్చేవి కావు. టీవీ లోపలి ప్రధాన బోర్డు వాటిని స్వయంగా తయారు చేస్తుంది. అవి కూడా కార్యక్రమం బొమ్మ నడిచే దారిలోనే తెర మీదికి చేరుతాయి. కావున మెనూ స్పష్టంగా, గీతలు లేకుండా, సరైన రంగులలో కనిపిస్తే తెర, దాని వెనుక దీపాలు, దానిని నడిపే బోర్డులు బాగున్నట్లే. లోపం బయటి నుండి వచ్చే దారిలో ఉన్నది. కార్యక్రమం మీద కనిపించే గీత మెనూ మీద కూడా అదే చోట కనిపిస్తే లోపం సెట్టులోనే ఉన్నది.

ఈ తర్కాన్ని మరో అడుగు ముందుకు తీసుకుపోవచ్చు. "నో సిగ్నల్" అనే మాట తెర మీద తేలియాడుతుంటే చాలామంది టీవీ చెడిందనుకుంటారు. నిజానికి ఆ మాట రాసేది టీవీయే. తనకు ఏదీ అందడం లేదని చెప్పగలుగుతున్నదంటే తాను బాగున్నట్లే గదా! అదే సందేశం సెట్ టాప్ బాక్సు పంపినదైతే, అనగా డీటీహెచ్ సంస్థ గుర్తుతోనో, లోప సంఖ్యతోనో వస్తే, బాక్సు నుండి టీవీ వరకు తీగ కూడా బాగున్నట్లు లెక్క. ఇక మిగిలింది బాక్సు నుండి గొడుగు వరకు ఉన్న దారి మాత్రమే. సందేశం ఎవరిదో గుర్తిస్తే సగం పని అయినట్లే.

ఈ వ్యాసకర్త ఆర్ట్స్ పట్టభద్రుడే తప్ప ఇంజనీరు కాడు. కొన్నేళ్ల క్రితం ఇంట్లో టీవీ బొమ్మ మిణుకు మిణుకుమంటూ ఆగిపోతే వచ్చిన మెకానిక్కు ఒకరు రెండు నిమిషాలు చూసి, "సార్, ప్యానెల్ పోయింది" అని తేల్చారు. కొత్త సెట్టు ధరలు విచారిస్తుండగా, ఇంటర్మీడియట్ చదువుతున్న పొరుగింటి అబ్బాయి మెనూ నొక్కి చూపాడు. మెనూ చక్కగా వచ్చింది. హెచ్‌డీఎంఐ తీగను ఊడదీసి పక్క రంధ్రంలో పెట్టగానే బొమ్మ కూడా వచ్చింది. ఆ సెట్టు ఆ తర్వాత నాలుగేళ్లు పని చేసింది. మెకానిక్కును తప్పు పట్టడం ఉద్దేశం కాదు. ముప్ఫై ఏళ్లుగా కార్యాలయంలో తెరలు చూస్తూ కూడా మెనూ మీట ఒకటున్నదని తోచకపోవడమే ఇక్కడ చెప్పదలచిన విషయం.

బయటి దారిలో లోపాలు

మెనూ బాగుండి కార్యక్రమం బాగా లేనప్పుడు ముందుగా తీగలు చూడాలి. కరెంటు ఆపి, బాక్సుకు టీవీకి మధ్య ఉన్న తీగను రెండు వైపులా ఊడదీసి తిరిగి గట్టిగా బిగించాలి. వీలైతే వేరే రంధ్రంలో పెట్టి, రిమోటు మీది సోర్సు మీటతో ఆ రంధ్రాన్ని ఎంచుకోవాలి. ఇంట్లో చిన్న పిల్లలు రిమోటుతో ఆడి సోర్సు మార్చివేయడం అతి సాధారణం. పెన్‌డ్రైవులో ఒక వీడియో వేసి చూడడం మరొక మంచి పరీక్ష. అది బాగా ఆడితే సెట్టు మీద అనుమానం పూర్తిగా వదలుకోవచ్చు.

ఆ తరువాత మిద్దె ఎక్కవలసిందే. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ డీడీ ఫ్రీ డిష్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్న జీశాట్-15 ఉపగ్రహం ద్వారా ప్రసారమవుతున్నది. మరిపెడ నుండి చూస్తే ఈ ఉపగ్రహం ఆగ్నేయ దిశలో, నేల నుండి సుమారు 64 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఆ వైపు ఆకాశం గొడుగుకు నేరుగా కనిపించాలి. గొడుగు బిగించిన నాడు లేని వేప కొమ్మ రెండేళ్లలో అడ్డంగా పెరుగుతుంది. చలికాలంలో ఆకు రాలినప్పుడు బొమ్మ వచ్చి, చిగురు వేశాక పోతున్నదంటే కారణం టీవీలో వెతకనవసరం లేదు. ప్రైవేటు డీటీహెచ్ సంస్థల ఉపగ్రహాలు వేరు వేరు చోట్ల ఉన్నందున దిశ కూడా మారుతుంది. పక్కింటి గొడుగు చూసి మన గొడుగు తిప్పడం పనికిరాదు.

ఇక కోతుల సంగతి. మన ప్రాంతంలో గొడుగు మీద కోతి కూర్చోవడం, దాని కొస చేతిని పట్టుకుని ఊగడం నిత్యకృత్యం. గొడుగు రెండు మూడు డిగ్రీలు కదిలినా చాలు, సంకేతం తప్పిపోతుంది. ఏ సాంకేతిక గ్రంథంలోనూ ఈ కారణం రాసి ఉండకపోవచ్చు. కంబం చుట్టూ ముళ్ల కంప కట్టుకున్నవారు తెలివైనవారు. గొడుగు ముందు భాగాన ఉండే ఎల్‌ఎన్‌బీ మూతి మీది ప్లాస్టిక్ తొడుగు పగిలినా, తీగ కొసన చిలుము పట్టినా నీరు లోపలికి దిగి బొమ్మ చెడుతుంది. బయటి అతుకులకు రబ్బరు తొడుగు గాని, టేపు గాని చుట్టాలి.

భారీ వర్షంలో బొమ్మ పోవడం లోపం కాదు. డీటీహెచ్ సంకేతాలు వాడే కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు పీల్చివేస్తాయి, చెదరగొడతాయి. వాన తగ్గితే బొమ్మ తానే వస్తుంది. వానలో మిద్దె ఎక్కడం ప్రాణాలతో చెలగాటం. అట్లే ఏడాదిలో రెండు పర్యాయాలు, మార్చి రెండవ వారం ప్రాంతంలోను, అక్టోబరు మొదటి వారం ప్రాంతంలోను, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. ఆ కొద్ది రోజులు ఫ్రీ డిష్ గొడుగులకు ఉదయం సుమారు పదకొండు గంటల వేళ కొన్ని నిమిషాలు బొమ్మ చెదిరి, మళ్లీ సర్దుకుంటుంది. సూర్యుడి రొద ముందు ఉపగ్రహం మాట వినిపించకపోవడమే ఇందుకు కారణం.

పాత్రికేయ మిత్రులకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటున్నది. వార్తా ఛానల్ అడుగున పరిగెత్తే స్క్రోలింగు సగం కోసుకుపోయి కనిపిస్తున్నదని, ఛానల్ వారే సరిగా ఇవ్వడం లేదని అనేకులు అనుకుంటారు. ఇది చాలా వరకు టీవీ అమరిక వల్ల కలిగే ఇబ్బంది. చిత్ర పరిమాణం "జూమ్"లో ఉంటే అంచులు తెర బయటికి పోతాయి. దానిని 16:9కి మార్చి, "జస్ట్ స్కాన్" లేదా "స్క్రీన్ ఫిట్" అనే అమరిక ఎంచుకుంటే అడుగు అక్షరాలు పూర్తిగా కనిపిస్తాయి. మనుషులు పొట్టిగా, లావుగా కనిపించడం కూడా ఈ కోవలోనిదే. 4:3 నిష్పత్తిలో తీసిన పాత సినిమాను వెడల్పు తెరకు సాగదీయడం వల్ల అట్లా కనిపిస్తుంది.

తెర వెనుక

మెనూ మీద కూడా లోపం కనిపించినప్పుడు తెర నిర్మాణం కొంత తెలుసుకోవలసి ఉంటుంది. మన ఇళ్లలో "ఎల్‌ఈడీ టీవీ" అని పిలిచేవన్నీ నిజానికి ద్రవ స్ఫటికాల తెరలు, అనగా ఎల్‌సీడీలు. ఎల్‌ఈడీలు వెనుక వెలిగే దీపాలు మాత్రమే. ముందున్న ద్రవ స్ఫటికాలు కిటికీ రెక్కల మాదిరిగా ఆ వెలుగును కొంత వదులుతూ, కొంత ఆపుతూ బొమ్మను తయారు చేస్తాయి. 1366 అడ్డం, 768 నిలువు కలిగిన హెచ్‌డీ రెడీ తెరలో ఇటువంటి చుక్కలు 10,49,088 ఉంటాయి. ఫుల్ హెచ్‌డీలో 20,73,600, 4కే తెరలో 82,94,400. ప్రతి చుక్కలో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కిటికీలు మూడు. ఇన్నింటిలో ఒక చుక్క ఎప్పుడూ నల్లగానో, ఎప్పుడూ వెలుగుతూనో ఉండిపోతే బాగు చేసే మార్గం దాదాపు లేదు. ఒకటి రెండు చుక్కలకు చాలా సంస్థలు వారంటీ కింద తెర మార్చవు. కొన్న రోజే తెర మొత్తం తెల్లగా, తరువాత నల్లగా వేయించి చూసుకోవడం మంచిది.

మాట వినిపిస్తూ తెర నల్లగా ఉంటే చేయవలసిన పరీక్ష ఒకటున్నది. గదిలో దీపాలు ఆర్పి, టీవీ ఆన్‌లో ఉండగా తెరకు దగ్గరగా టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడాలి. మసకగా బొమ్మ కదలాడుతున్నట్లు కనిపిస్తే తెర బాగున్నదని, వెనుక దీపాలు మాత్రమే ఆరిపోయాయని అర్థం. ఆన్ చేయగానే రెండు క్షణాలు బొమ్మ వచ్చి వెంటనే నల్లబడడం కూడా ఇదే జబ్బు. పట్టీలలోని దీపాలు వరుసగా ఒకే తీగకు కూర్చి ఉంటాయి, ఒకటి పోతే వరుస అంతా పోతుంది. పట్టీలు మార్చితే సెట్టు మళ్లీ పని చేస్తుంది. ఈ మరమ్మతు వరంగల్, ఖమ్మం పట్టణాల్లోనే కాక చిన్న ఊళ్లలోనూ చేస్తారు. తుక్కుకు పోతున్న సెట్లలో బాగు చేయించదగినవి అధికంగా ఈ రకానివేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తెర మీద గుండ్రని తెల్లని వెలుగు మచ్చలు కనిపించడం మరో లక్షణం. ప్రతి దీపం మీద వెలుగును పరిచే చిన్న కటకం అంటించి ఉంటుంది. మన ఎండాకాలపు వేడికి జిగురు కరిగి ఆ కటకం ఊడి పడితే వెలుగు ఒకే చోట గుమికూడి మచ్చగా కనిపిస్తుంది. బొమ్మ అంతటా నీలి ఛాయ కమ్మడం దీపాలు ముసలివైన గుర్తు. తెల్ల ఎల్‌ఈడీలో ఉండేది నీలి దీపమే, దాని మీది పసుపు పూత క్షీణించిన కొద్దీ అసలు రంగు బయటపడుతుంది. ఇవన్నీ అధిక వెలుగు, అధిక వేడి వల్ల త్వరగా వచ్చే లోపాలు. దుకాణంలో ఆకర్షణ కోసం పెట్టిన గరిష్ఠ వెలుగును ఇంటికి తెచ్చాక తగ్గించుకునేవారు అరుదు. బ్యాక్‌లైట్ అమరికను నూటి నుండి అరవై, డెబ్బైకి తగ్గిస్తే కళ్లకూ, దీపాలకూ మేలు.

నిలువు గీతలు, తెరలో ఒక సగం మాత్రమే కనిపించడం, రంగులు తారుమారై మనుషుల ముఖాలు ఫొటో నెగెటివ్ వలె ఉండడం – వీటికి రెండు మూలాలు. టి-కాన్ అని మెకానిక్కులు పిలిచే చిన్న బోర్డు గాని, దాని రిబ్బను తీగ గాని చెడితే తక్కువలో పోతుంది. అదే, తెర అంచున వెంట్రుక కంటే సన్నని తీగల అతుకులు ఊడితే తెర మార్చడమే శరణ్యం, ఆ ఖర్చు కొత్త సెట్టు ధరకు దగ్గరగా ఉంటుంది. ఏది చెడిందో ఇంటి వద్ద తేలదు. కనుక "ముందు టి-కాన్ చూడండి" అని మెకానిక్కును అడగడం వినియోగదారుని హక్కు. తెర మీద సిరా ఒలికినట్లు నల్లని మరక, దాని నుండి సాలెగూడు వంటి గీతలు ఉంటే అది దెబ్బ. దీనికి వారంటీ వర్తించదు, వాదన అనవసరం.

దీపపు వెలుగుకు చిన్న పురుగులు తెర పొరల మధ్యకు దూరడం పల్లెల్లో తరచుగా జరుగుతుంది. తెర మీద నల్లని చుక్క నెమ్మదిగా కదులుతుంటే అది పురుగే. వేలితో నొక్కితే అది అక్కడే చచ్చి శాశ్వతంగా మిగిలిపోతుంది. టీవీ ఆపి, గది చీకటి చేసి, కొద్ది దూరంలో వేరే దీపం వెలిగిస్తే చాలా వరకు అది తన దారిన తాను బయటికి పోతుంది.

కరెంటు, పిడుగు, వరద

టీవీల వెనుక పట్టీ మీద సాధారణంగా 100 నుండి 240 వోల్టుల వరకు అని రాసి ఉంటుంది. తక్కువ వోల్టేజీని ఇవి బాగానే తట్టుకుంటాయి. ప్రమాదం ఎక్కువ వోల్టేజీతోనే. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుండి వచ్చే మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తీగ తెగితే కొన్ని ఇళ్లకు 230కి బదులు 400 వోల్టుల దాకా చేరే అవకాశం ఉన్నది. గాలివాన తరువాత ఒకే వీధిలో పది టీవీలు ఒకేసారి పోయాయన్న వార్తల వెనుక తరచుగా ఉండే కారణం ఇదే. బల్బులు ఉన్నట్టుండి మరీ తెల్లగా వెలగడం, ఫ్యాను వేగం పెరగడం, పక్కింట్లో మాత్రం దీపాలు మసకబారడం దీని ముందస్తు గుర్తులు. వెంటనే మెయిన్ ఆపి, విద్యుత్ పంపిణీ సంస్థ టోల్ ఫ్రీ నంబరు 1912కు తెలపాలి. ఇట్లు పోయిన సెట్లన్నీ పనికిరానివి కావు. సరఫరా బోర్డులోని ఫ్యూజు, వేరిస్టర్ అనే చిన్న భాగం తాము కాలిపోయి మిగతా సెట్టును కాపాడి ఉండవచ్చు.

ఉరుములు మొదలైనప్పుడు స్విచ్చి ఆపడం చాలదు. ప్లగ్గు తీయాలి, గొడుగు తీగ కూడా తీయాలి. పిడుగు ప్రవాహం మిద్దె మీది తీగ గుండా సైతం సెట్టులోకి వస్తుంది. స్టెబిలైజర్ పిడుగును ఆపలేదు. ఈ పనులు ఉరుములకు ముందే చేయాలి, పిడుగులు పడుతుండగా తీగలు తాకరాదు.

ఇక 2024 నాటి అనుభవం. ఆ ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుండపోత వానలకు ఆకేరు వాగు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచెత్తింది. పురుషోత్తమాయగూడెం వద్ద వంతెన దెబ్బతిని రాకపోకలు స్తంభించాయి. వరద తీసిన ఊళ్లలో జనం మొదట చేసే పని సామాన్లు ఎండబెట్టడం, రెండవ పని కరెంటు రాగానే టీవీ వేసి చూడడం. ఈ రెండవ పని అత్యంత ప్రమాదకరం. బురద నీటిలోని లవణాలు కరెంటును మోస్తాయి. పైకి ఆరినట్లు కనిపించే సెట్టు లోపల, బోర్డుల కింద తడి రోజుల తరబడి ఉంటుంది. మెయిన్ ఆపిన తరువాతనే ప్లగ్గు తీయాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా సరఫరా బోర్డులోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక ఇంటివారు వెనుక మూత విప్పరాదు. సెట్టును నిలువుగానే ఉంచి నీడన, గాలి తగిలే చోట ఆరబెట్టి మెకానిక్కుకు చూపాలి. ఎండలో పెడితే తెర మీది పొరలు ఉబ్బుతాయి. తెర పొరల మధ్యకు బురద నీరు చేరితే మరకలు పోవు. నీరు అడుగు అంచుకు మాత్రమే తగిలితే బోర్డులు శుభ్రం చేయించి వాడుకున్న సందర్భాలు ఉన్నాయి.

నష్టం నమోదు చేసే అధికారులు గమనించవలసినది ఏమనగా, 2022–23 నుండి 2025–26 వరకు వర్తించిన రాష్ట్ర విపత్తు స్పందన నిధి ప్రమాణాలలో, రెండు రోజులకు మించి ముంపులో ఉన్న లేదా పూర్తిగా దెబ్బతిన్న ఇళ్లకు బట్టల నిమిత్తం రూ. 2,500, పాత్రలు, గృహ సామగ్రి నిమిత్తం రూ. 2,500 చూపడమైనది. టీవీకి ప్రత్యేక పద్దు లేదు. వరద బాధితుడు ఎక్కువగా బాధపడే వస్తువుల్లో అది ఒకటన్న సంగతి గణన పత్రంలో కనిపించదు. గృహ బీమా ఉన్నవారు సెట్టు వెనుక సీరియల్ సంఖ్య పట్టీని, నీటి గుర్తును ఫొటో తీసి ఉంచుకోవాలి.

బడిలోని తెరలు, వార్తలోని పేలుడు

పల్లెకు తెర పంపడం ఒక ఎత్తు, దానిని పని చేయించడం మరొక ఎత్తు అన్న సంగతి మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో సైట్ ప్రయోగం జరిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు సామూహిక టీవీలు చేరాయి. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ఆ సెట్ల తయారీలో పాలుపంచుకుంది. సెట్లతో పాటు వాటిని బాగు చేసే మనుషులను, విడిభాగాలను కూడా ఆనాడు ఏర్పాటు చేశారు. 2022లో ప్రారంభమైన "మన ఊరు – మన బడి" అంశాలలో డిజిటల్ తరగతి గదులు ఒకటి. తరగతి గదుల్లోని పెద్ద ఇంటరాక్టివ్ తెరలకు సుద్దముక్క పొడి ప్రధాన శత్రువు. అంచు చట్రంలోని పరారుణ కిరణాలతో స్పర్శను గుర్తించే తెరలలో ఆ పొడి చేరితే, ఎవరూ తాకకుండానే తెర మీద గీతలు పడడం, తాకిన చోట స్పందించకపోవడం జరుగుతుంది. పొడి మెత్తని గుడ్డతో చట్రం తుడిస్తే చాలు. తడి గుడ్డ, బల్లలు తుడిచే ద్రవాలు వాడరాదు. "తెర పని చేయడం లేదు" అని పై అధికారికి రాసే ముందు సోర్సు మీట, మెనూ పరీక్ష చేసి ఫలితం అందులో పేర్కొంటే, వచ్చే సాంకేతిక సిబ్బంది సరైన విడిభాగంతోనే వస్తారు.

టీవీ పేలుడు వార్తల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. పాత గాజు గొట్టంలో శూన్యం ఉండేది. పగిలితే ముక్కలు ఎగిసేవి. పలుచని తెరలో అటువంటి గొట్టం లేదు. అయినంత మాత్రాన ప్రమాదం లేదని రాయడం కూడా తప్పే. 2022 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఘాజియాబాద్‌లో గోడకు అమర్చిన ఎల్‌ఈడీ టీవీ పేలి 16 ఏళ్ల బాలుడు మరణించాడు. వార్త రాసేటప్పుడు ఆ సమయంలో వోల్టేజీ పరిస్థితి, సెట్టుకు గాలి తగిలే చోటు ఉన్నదా, బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు ఉన్నదా అన్న వివరాలు సేకరిస్తే పాఠకునికి ఉపయోగం. కాలిన వాసన, చిటపట శబ్దం, సెట్టు వెనుక ఉబ్బు కనిపిస్తే పరీక్షలన్నీ పక్కన పెట్టి మెయిన్ ఆపివేయాలి.

వారంటీలో ఉన్న సెట్టును సంస్థ బాగు చేయకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కొనుగోలుదారుడు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే, వివాదం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. రూ. 5 లక్షల వరకు విలువకు ఫీజు లేదు. బిల్లు లేకుండా కొన్న సెట్టుకు ఈ దారి కష్టం. పూర్తిగా పనికిరాని సెట్టును పాత ఇనుము వారికి ఇచ్చే ముందు ఒక మాట. దీపాలకు బదులు సన్నని ట్యూబులు వాడిన తొలి తరం ఎల్‌సీడీ సెట్లలో పాదరసం ఉంటుంది, పగలగొట్టరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత సెట్ల పునర్వినియోగ బాధ్యత తయారీ సంస్థలపై ఉన్నది. రాగి కోసం తీగలు తగలబెట్టే చోట పిల్లలను ఉండనివ్వరాదు.